అవ్వ ముందు ఎడమచేతి నియమం

మా చిన్నతనంలో మనిషికి దేవుడు రెండు చేతులిచ్చినా, ఇంట్లో ఒక్కదానికే మర్యాద ఉండేది. అన్నం తినేది, ఇచ్చేది, పుచ్చుకునేది, గుడిలో విబూది పట్టేది, అన్నీ కుడిచెయ్యే. ఎడమచెయ్యి పెరట్లో కట్టేసిన గొడ్డులాంటిది. చాకిరీ చేయాలి గానీ నట్టింట్లోకి రాకూడదు. ఆ రోజుల్లో ఇది ఎవరికీ వింతగా తోచేది కాదు, నాకు తప్ప. నేను పుట్టిందే ఎడమచేతి వాటంతో. ఈ సంగతి ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు గుర్తుకొచ్చిందో చివర్లో చెబుతాను. మా పాప నిద్రపోయాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వెళ్ళి అది ఊపిరి తీస్తోందో లేదో చూసి వస్తుంటాను (తీస్తూనే ఉంది). ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మా ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే అంతా తమిళం. చదివింది కూడా తమిళంలోనే. తెలుగు అక్షరాలు కాలేజీ హాస్టల్లో కుప్పం నుంచి వచ్చిన రూమ్మేటు దగ్గర నేర్చుకున్నాను. ఎక్కడైనా ఒత్తు జారితే ఆ అమ్మాయిని తిట్టుకోకండి, నన్నే తిట్టుకోండి.

మాది తమిళనాడులో, ధర్మపురి జిల్లా పాపారపట్టి దగ్గర ఒక పల్లె. నాలుగు ఆవులు, కాస్త రాగి చేను, వాటన్నిటి మీద, మా అందరి మీద మా అవ్వ. అవ్వ అంటే నాయన వాళ్ళ అమ్మ. మనిషి సన్నగా, చేతిలో ఎప్పుడూ ఆవుల్ని తోలే కట్టెతో ఉండేది. ఆ కట్టె ఆవుల మీద పడటం నేనెప్పుడూ చూడలేదు గానీ, అది గాలిలో లేస్తే ఆవులతో పాటు నాయన కూడా పక్కకు జరిగేవాడు. నాకు మూడేళ్ళప్పుడు నేను సంకటి ముద్దను ఎడమచేత్తో తుంచుతున్నానని అవ్వ కనిపెట్టింది. ఆ రోజు మొదలు నా ఎడమచేతి వేళ్ళకు వేపాకు నూరి పూయడం ఆమె పొద్దుటి పనుల్లో ఒకటైపోయింది. పేడ ఎత్తడం, పాలు పితకడం, నా చేతికి వేపాకు. దానితో పాటు ఒక మాట. "మే, చెయ్యి మార్చు." ఎవరైనా ఏదైనా ఇస్తుంటే నేను చెయ్యి చాచేలోపే వెనక నుంచి వినబడేది. "చెయ్యి మార్చు." ఏడాది తిరిగేసరికి అవ్వ వేపాకు మానేసింది, ఎందుకంటే ఆ మాట ఒక్కటే చాలు. అది చెవిన పడితే చాలు, నా మెదడుకు కబురు అందకముందే ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయేది, కుడిచెయ్యి ముందుకొచ్చేది. బడిలో పలక పట్టే నాటికి నేను పూర్తిగా కుడిచేతి మనిషిని. కనీసం బయటికి.

అవ్వకు రెండో శత్రువు కరెంటు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక గాలివానకు చేను గట్టు మీద తీగ తెగి పడి, లచ్చిమి అనే మా పాడి ఆవు దాన్ని తొక్కి చనిపోయింది. అవ్వ మూడు రోజులు సంకటి ముట్టలేదు. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏ స్విచ్చినీ వేలితో తాకలేదు. సంకటి కలిపే కట్టెతో నొక్కేది. ఎండిన కట్టెలో కరెంటు పారదని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. (నేను తర్వాత డిగ్రీ చదివి అదే తెలుసుకున్నాను.) మా ఇంటి స్విచ్చుబోర్డు మీద రాగి పిండి మరకలు శాశ్వతంగా ఉండిపోయాయి.

ఇలాంటి ఇంట్లో నుంచి నేను పదో తరగతికి వచ్చాను. మా సైన్సు సారును పిల్లలంతా కాందం సారు అనేవారు. తమిళంలో కాందం అంటే అయస్కాంతం. ఆయన చొక్కా జేబులో గుర్రపు లాడం లాంటి అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉండేది. దానికి ఆయన సైకిల్ తాళంచెవి, రెండు పిన్నీసులు, ఒక్కోసారి ఎవరిదో కంపాసు బాక్సు మూత అంటుకుని ఉండేవి. ఒక రోజు ఆయన బల్ల మీద ఒక రాగి తీగ పెట్టి, పక్కన దిక్సూచి పెట్టి, తీగలోకి బ్యాటరీ కరెంటు వదిలారు. ఎప్పుడూ ఉత్తరం వైపే చూసే ముల్లు, ఎవరో పిలిచినట్టు తల తిప్పింది. తీగను ఎవరూ తాకలేదు, ముల్లునూ తాకలేదు. తీగ చుట్టూ కంటికి కనబడని వలయాలుంటాయని, తీగను కుడిచేత్తో పట్టుకున్నట్టు అనుకుంటే, బొటనవేలు కరెంటు పోయే వైపు ఉంటే మిగతా వేళ్ళు ఆ వలయాలు తిరిగే వైపు ఉంటాయని చెప్పారు. నాకు ఒళ్ళు జలదరించింది. మరుక్షణం కాస్త నిరాశ కూడా కలిగింది. ఇక్కడా కుడిచెయ్యేనా అనుకున్నాను.

మర్నాడు ఆయన వచ్చి, "అందరూ ఎడమచెయ్యి ఎత్తండి" అన్నారు. నేను జన్మలో మొదటిసారి విన్న మాట అది. క్లాసంతా చేతులు లేచాయి. నా చెయ్యి మాత్రం బల్ల కిందే ఉండిపోయింది. పెద్దవాళ్ళకు ఎడమచెయ్యి చూపించకూడదు గదా. సారు నా దగ్గరకొచ్చి, "నీకు ఎడమచెయ్యి లేదా అమ్మా?" అని అడిగారు. వెనక బెంచీ నుంచి మా ఊరి పిల్ల ఒకతె, "ఉంది సార్, వాళ్ళవ్వ బయటికి తియ్యనియ్యదు" అంది. క్లాసు నవ్వింది. నేను మెల్లిగా చెయ్యి పైకి తీశాను. చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలు మూడూ ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టమన్నారు. చూపుడువేలు అయస్కాంత క్షేత్రం. మధ్యవేలు తీగలో కరెంటు. బొటనవేలు ఆ తీగ ఏ వైపుకు తోయబడుతుందో ఆ వైపు. ఎడమచేతి నియమం. మిగతావాళ్ళు వేళ్ళు మెలికలు పడి, ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ, కొందరు అలవాటుగా కుడిచెయ్యే ఎత్తేసి తిప్పలు పడుతుంటే, నా ఎడమచెయ్యి మాత్రం పన్నెండేళ్ళుగా ఈ పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు చక్కగా నిలబడింది. సారు ఏ ప్రశ్న వేసినా బొటనవేలు సరైన వైపే చూపించింది. ఆ రోజు నేను ఇంటికి నడవలేదు, తేలుతూ వెళ్ళాను.

అప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. కరెంటు స్తంభం కనబడితే మూడు వేళ్ళు, బట్టలారేసే తీగ కనబడితే మూడు వేళ్ళు. (బట్టల తీగలో కరెంటు ఉండదని తెలుసు, అయినా అనుకునేదాన్ని.) ఒక సాయంత్రం పశువుల పాకలో నిలబడి, పైనున్న వైరును చూస్తూ ఎడమచేతి వేళ్ళు తిప్పుతున్నాను. కింద అవ్వ పాలు పితుకుతోంది.

"ఏం జేస్తా ఉండావు ఆవు మొగం ముందర?" అంది.

"పాఠం అవ్వా."

"ఎడంచెయ్యితో పాఠమా? యాడ నేర్చినావు ఈ చేష్ట?"

"పళ్ళికూడంలో సారే చెప్పినాడు."

అవ్వ నమ్మలేదు. ఆ పూట ఆవు అర లీటరు పాలు తక్కువిచ్చింది. దానికి నా మూడు వేళ్ళే కారణమని రాత్రి సంకటి దగ్గర తీర్మానమైంది. "గొడ్డుకు ఎడంచెయ్యి చూపిస్తే పాలు ఎగజేపదా" అంటూ అవ్వ ఆ ఆవుకు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. మిగిలిన మిరపకాయలతో నాకూ తీసింది.

ఇక్కడిదాకా నవ్వులాటే. అసలు చిక్కు తర్వాత వచ్చింది. పదకొండో తరగతిలో సైన్సు గ్రూపు కావాలంటే ధర్మపురికి బస్సులో పోవాలి. దగ్గరి బడిలో ఉన్నవి వేరే గ్రూపులు. నేను సైన్సే చదువుతానన్నాను. నాయన ఎప్పటిలాగే, "అమ్మ ఏమంటాదో" అన్నాడు. మా అమ్మ మాత్రం సాయంత్రం సంకటి కెలుకుతూ అవ్వ చెవిన వేసింది. అవ్వ ఒకే ఒక ప్రశ్న అడిగింది. "సయిన్సంటే ఈ కరెంటు చదువేనా?"

"అది కూడా ఉంటుంది" అన్నాను.

"అయితే వొద్దు. లచ్చిమిని మింగింది చాలదా? ఇంగొకటి ఇయ్యాల్నా దానికి?"

నేను ఏడ్చాను, ఒక పూట అన్నం మానేశాను. (రెండో పూట మానలేకపోయాను, ఆ రోజు చేపల పులుసు.) చివరికి అమ్మ ఒక ఉపాయం చెప్పింది. బడిలో సైన్సు ప్రదర్శన జరగబోతోంది, కాందం సారు నన్ను ఎడమచేతి నియమం చూపించమన్నారు, జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తాడు, అవ్వే వచ్చి ఒకసారి కళ్ళారా చూస్తే తెలుస్తుంది గదా అంది. అవ్వ చాలాసేపు వక్క నమిలింది. "సరి. నేనే వచ్చి చూస్తా. కాల్చేది కాదు, మనిషి చేతిలో ఉండేదే అనిపిస్తే పోనీ. లేకుంటే మళ్ళ ఆ మాటెత్తొద్దు" అంది. అమ్మ నా చెవిలో, "సంతలో ఆవును చూసేదానికి పోయినట్ల పోతాది, తోకెత్తి కూడా చూస్తాది, జాగర్త" అని హెచ్చరించింది. అలా నా చదువంతా ఒక రాగి తీగకు వేలాడింది.

నిజంగానే వేలాడింది. నా ప్రయోగం ఒక ఉయ్యాల. రెండు చెక్క నిలువుల మధ్య రాగి తీగను ఉయ్యాలలా కట్టి, అది కాందం సారు అయస్కాంతం రెండు కొసల మధ్య నుంచి పోయేలా పెట్టాం. ఎర్ర రంగు వేసిన ఉత్తర ధ్రువం పైన, దక్షిణ ధ్రువం కింద. ఒక పాత మోపెడ్ బ్యాటరీ, ఒక స్విచ్చి. స్విచ్చి నొక్కితే తీగ, పొదుగు దగ్గర చెయ్యి పెడితే ఆవు తన్నినట్టు ఒక్క తన్ను తన్నేది. నొక్కకముందే అది ఏ వైపుకు తన్నుతుందో వేళ్ళతో లెక్కగట్టి చెప్పడం నా పని. చూపుడువేలు కిందికి, మధ్యవేలు నా కుడివైపుకు, అప్పుడు బొటనవేలు నేరుగా ఎదుట నిలబడ్డవాళ్ళ వైపుకు. ఇంట్లో గోడకు ఆనుకుని, ఎవరూ చూడకుండా, వందసార్లు చేసి ఉంటాను.

ప్రదర్శన రోజు అవ్వ కొత్త చీర కట్టుకుని, కట్టెతో సహా వచ్చింది. కట్టె బయట పెట్టమని వాచ్‌మన్ అంటే, "నీ గేటు నాకేల, నా కట్టె నీకేల" అని లోపలికి నడిచింది. నా బల్ల పక్కనే ఒక స్టూలు వేసుకుని కూర్చుంది, బ్యాటరీకి మూరెడు దూరంలో, కళ్ళు దాని మీద నుంచి తియ్యకుండా. పక్క బల్ల మీద ఇద్దరు పిల్లలు పొగలు కక్కే మట్టి అగ్నిపర్వతం పెట్టారు. దాన్ని ఆమె కన్నెత్తి చూడలేదు. కాసేపటికి అధికారి వచ్చారు. తెల్ల చొక్కా, బట్టతల, చేతిలో పెన్ను. పక్కన మా హెడ్మాస్టరు, వెనక కాందం సారు. ఆయన నా బల్ల ముందు ఆగి, తీగ మీదికి వంగి, పెన్నుతో దాన్ని చూపిస్తూ, "ఇప్పుడిది ఎటు కదులుతుంది, ముందే చెప్పగలవా?" అని అడిగారు. (ఇవన్నీ తమిళంలో జరిగిన మాటలు. నాకొచ్చిన తెలుగులో చెబుతున్నాను.)

"చెప్పగలను సార్" అన్నాను. ఎడమచెయ్యి ఎత్తాను. మూడు వేళ్ళూ నిలబెట్టాను. చెయ్యి సరిగ్గా ఆయన మొహం ముందుకు వెళ్ళింది.

పక్క నుంచి, తెలుగులో, తగ్గు గొంతుతో, "మే, చెయ్యి మార్చు."

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బతికిపోయేదాన్ని. ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయింది, కుడిచెయ్యి ముందుకొచ్చింది. అదే చూపుడువేలు కిందికి, అదే మధ్యవేలు కుడికి. కుడిచెయ్యి అలా పెట్టాలంటే మోచెయ్యి గాల్లోకి లేచి, మణికట్టు మెలి తిరగాలి. అలా మెలి తిప్పుకుని నిలబడ్డాను. బొటనవేలు నా కడుపు వైపు చూపించింది. నేను ఎంతో నమ్మకంగా, "తీగ నా వైపుకు వస్తుంది సార్, మీరు భయపడకుండా దగ్గరికి వచ్చి చూడొచ్చు" అన్నాను. ఆయన ఇంకా వంగారు. కాందం సారు వెనక నుంచి ఏదో చెప్పబోయారు. నేను స్విచ్చి నొక్కేశాను.

తీగ తన్నింది. నా వైపుకు కాదు, ఆయన వైపుకు. పెన్ను పట్టుకున్న వేళ్ళకు తగిలింది. దానిలో ఉన్న కరెంటు చీమ కుట్టినంత కూడా ఉండదు, కానీ ఉలికిపాటు అలాంటిది కాదు గదా. ఆయన "ఆ" అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు, పెన్ను కింద పడింది. అంతే, అవ్వ లేచింది. కరెంటు తీగ, దానికి తగిలిన మనిషి. ఆమె కళ్ళ ముందు ఏం కదిలిందో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. "తాకొద్దు సామీ, పక్కకు జరుగు" అని అరిచి, కట్టెతో తీగను ఒక్క దెబ్బ కొట్టింది. ఉయ్యాల విరిగింది, అయస్కాంతం ఎగిరి పక్క బల్ల మీదున్న అగ్నిపర్వతంలో పడింది, అది అప్పటికి ఇంకా పేలాల్సిన సమయం కాకపోయినా పేలింది. హెడ్మాస్టరు ప్యాంటు మీద ఎర్ర నురుగు. నేను నా సైన్సు గ్రూపు ధర్మపురి బస్సెక్కి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను, నేను లేకుండానే.

అధికారి మొదట తన వేళ్ళు చూసుకున్నారు, తర్వాత అవ్వను చూశారు. "అమ్మా, నన్ను కాపాడారా?" అని అడిగారు.

అవ్వ రొప్పుతూ, "మా ఆవు ఇట్లనే పోయింది సామీ" అంది.

ఆయన నవ్వలేదు. (అందుకే ఆ మనిషిని ఇప్పటికీ తలచుకుంటాను.) బ్యాటరీ రెండు కొసల మీద తన రెండు వేళ్ళు పెట్టి, అవ్వకు చూపించి, "ఇది ఆ కరెంటు కాదమ్మా, ఇది మనిషిని ఏమీ చెయ్యదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మొదట ఎడమచెయ్యి ఎత్తావు. సరైనదే ఎత్తావు. ఎందుకు మార్చావు?" అన్నారు.

నేను నేల చూశాను. "మా అవ్వ మార్చమంది సార్."

"నేనే మార్చమన్నా" అంది అవ్వ, ఏ సంకోచం లేకుండా. "ఇంత పెద్దాయన మొగం ముందర ఎడంచెయ్యి పెడితే మర్యాదనా?"

"మీ మర్యాద సరే. కానీ ఈ ఒక్క లెక్కకు ఎడమచెయ్యే కావాలమ్మా. కుడిచెయ్యి పెడితే అన్నీ తలకిందులవుతాయి."

"ఎవురు పెట్టినారు ఆ నియమం?"

"ఎవరో పెట్టింది కాదు. తీగ అట్లా పోతుంది, దాన్ని గుర్తుపెట్టుకోవడానికి మన చెయ్యి వాడుకుంటున్నాం."

అవ్వ తీగను చూసింది, నన్ను చూసింది. "మళ్ళ చెయ్యమను. నేను అడుగుతా" అంది.

కాందం సారు రెండు నిమిషాల్లో ఉయ్యాల కట్టేశారు. అయస్కాంతాన్ని నురుగులోంచి తీసి తన చొక్కాకే తుడిచారు. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. అమ్మ చెప్పినట్టే, సంతలో ఆవును చూసినట్టు. "ఇప్పుడు చెప్పు" అంది. ఎడమచెయ్యి పెట్టాను, "సారు వైపుకు పోతాది అవ్వా" అన్నాను. అవ్వ కట్టె కొసతో స్విచ్చి నొక్కింది. సారు వైపుకే పోయింది. "ఆ ఎర్ర ముక్కు ఇనుమును తిప్పి పెట్టండి. ఇప్పుడు?" అయస్కాంతం తిప్పారు. వేళ్ళు తిప్పాను. "నా వైపుకు." కట్టె, స్విచ్చి, నా వైపుకే. "వైర్లు మార్చండి, ఇనుము మాత్రం ముందు మాదిరే పెట్టండి." నా వైపుకే అన్నాను, నా వైపుకే వచ్చింది. చుట్టూ జనం చేరారు. అవ్వ కళ్ళు చిన్నవి చేసింది. ఆ చూపు నాకు తెలుసు, ఆవు పళ్ళు లెక్కపెట్టేటప్పటి చూపు. "ఇప్పుడు ఇనుమూ తిప్పండి, వైరు మాత్రం అట్లే ఉండనీండి. మొదట ఉన్నదానికి రెండూ తిరిగినట్ల. ఇప్పుడు చెప్పు, ఏమయితాది?"

నా వేళ్ళు ఒక్క క్షణం గాలిలో ఆగాయి. తర్వాత బొటనవేలు మళ్ళీ అధికారి వైపుకే తిరిగింది. "మొదట ఎట్లనో అట్లనే అవ్వా. సారు వైపుకే."

ఆమె కట్టెతో నొక్కింది. తీగ ఆయన వైపుకు తన్నింది. ఈసారి ఆయన వెనక్కి జరగలేదు.

"రెండూ తిప్పితే తిప్పనట్లే" అంది అవ్వ, తనలో తాను. స్టూలు మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుంది. బహుమతి మాకు రాలేదు. అగ్నిపర్వతానికి వచ్చింది. అంత సహజంగా పేలిన అగ్నిపర్వతం జిల్లాలో ఎక్కడా చూడలేదని హెడ్మాస్టరు చెప్పారట, ప్యాంటు ఆరాక.

సాయంత్రం బస్సులో ఇద్దరమే. నేను కిటికీ దగ్గర, అవ్వ పక్కన, కట్టె మా ఇద్దరి మధ్య. సగం దూరం ఆమె కట్టె కొసనే చూస్తూ కూర్చుంది. నేను లోలోపల వేరే గ్రూపు పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్నాను. ఒక మలుపులో ఆమె నా ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చిల్లర నాణెం చెల్లుతుందో లేదో చూసినట్టు, తిప్పి తిప్పి చూసింది.

"దీనికి శానా వేపాకు పూసినాను" అంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అయినా మర్చిపోలేదు ఇది." నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూస్తూ, "మే, ఆ పొద్దు లచ్చిమిని కూడా తీగ ఇట్లనే తోసిందా?" అని అడిగింది.

"లేదవ్వా. అది వేరే. తడి నేల మీద తీగ పడింది గదా, కరెంటు దాని ఒంట్లో గుండా భూమిలోకి పోయింది. ఆ పొద్దు ఎవురైనా పోయి ట్రాన్స్‌ఫారం దగ్గర ఆపి ఉంటే బతికేది."

"ఎవురికి తెలుసు అప్పుడు" అంది అవ్వ. బస్సు మా ఊరి మలుపు తిరిగాక, లేస్తూ, కట్టె తీసుకుంటూ, ఎటో చూస్తూ అంది. "తెలిసినోళ్ళు ఇంట్లో ఒకరుండేది మంచిదే. పో, చదువుకో. ఎడంచెయ్యి మాత్రం ఆవుల ముందర తిప్పొద్దు."

అలా నేను సైన్సు గ్రూపు చదివాను, తర్వాత ఫిజిక్సులో డిగ్రీ చదివాను, పెళ్ళయి ధర్మపురిలోనే కాపురముంటున్నాను. మా ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ ప్లాస్టిక్ మూత ఉంటుంది. మా ఆయన ఫోను చార్జింగు పెట్టాలంటే పది నిమిషాలు గోళ్ళతో పీకాలి. వాన రోజున నేను స్విచ్చి దేనితో నొక్కుతానో ఆయన మా స్నేహితులందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. (చెక్క గరిటెతో. ఎండిన కట్టెలో కరెంటు పారదు.)

మా పాపకు రెండున్నరేళ్ళు. అది ఎడమచేత్తో తింటోందని మొదట మా అత్తమ్మ గమనించింది. నేను ఆమెకు గంటసేపు ఉపన్యాసమిచ్చాను. పిల్లల వాటం మార్చకూడదని, మెదడుకు అదొక ఏర్పాటని, ఇంకా ఏమేమో. ఆమె, "సరేమ్మా, నీకు తెలియనిదా" అని ఊరుకుంది. ఊళ్ళో ఉన్న అవ్వకు ఫోను చేసి, భయపడుతూనే చెప్పాను. అవ్వకు ఇప్పుడు సరిగా వినబడదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "ఉండనీ మే" అంది. "నీకు మార్చి నేనేం గెలిచినాను?" అంతటితో ఈ విషయం తీరిపోయిందనుకున్నాను.

మొన్న అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. టీచరమ్మ పాపకు ఒక బిస్కెట్టు ఇవ్వబోయింది. పాప చెయ్యి చాచింది. ఎడమచెయ్యి. పక్కన నలుగురు తల్లులు చూస్తున్నారు. అప్పుడు ఎవరిదో గొంతు, తగ్గు గొంతు, తెలుగులో వినబడింది. "పాపా, చెయ్యి మార్చు." తల తిప్పి చూశాను. వెనక ఎవరూ లేరు. ఆ మాట అన్నది నేనే. ఫిజిక్సు డిగ్రీ, ఉపన్యాసం, ప్లాస్టిక్ మూతలు, అన్నీ ఉన్న నేనే.

పాప నన్నొకసారి చూసింది. బుద్ధిగా ఎడమచెయ్యి వెనక్కి తీసి, కుడిచెయ్యి చాచి, బిస్కెట్టు పుచ్చుకుంది. టీచరమ్మ మెచ్చుకుంది. రెండడుగులు నడిచామో లేదో, అది బిస్కెట్టును మెల్లిగా ఎడమచేతిలోకి మార్చుకుని, కటుక్కున కొరికింది. రెండుసార్లు తిప్పితే తిప్పనట్లే. అవ్వ లెక్క తప్పలేదు. నాకు పన్నెండేళ్ళు, ఒక అగ్నిపర్వతం, ఒక హెడ్మాస్టరుగారి ప్యాంటు పట్టిన పని, అది రెండడుగుల్లో చేసేసింది. దాని ఎడమచెయ్యి బిస్కెట్టుతో ఉంది కాబట్టి, పట్టుకోవడానికి కుడిచెయ్యి అడిగాను. పక్కపక్కన నడుస్తున్నాం కాబట్టి నేను చాచింది, ఎన్నో ఏళ్ళ తర్వాత నడివీధిలో, నా ఎడమచెయ్యి.